చతురస్రం – శబ్దం: రష్యన్ అమూర్త చిత్రకళకు కవిత్వ మూలాలు

ప్రస్తావన

ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో రష్యాలో వెలువడిన జ్యామితీయ అమూర్త చిత్రకళను సాధారణంగా చిత్రకళా చరిత్రలో ఒక ఘట్టంగానే వివరిస్తారు. పారిస్‌లో పుట్టిన క్యూబిజం వస్తువును ముక్కలు చేసింది. రష్యన్ చిత్రకారులు ఆ వస్తువును పూర్తిగా తొలగించారు. చివరికి చతురస్రం, వృత్తం, శిలువ మిగిలాయి. ఇదీ ఆ కథనం సారాంశం. ఇందులో అసత్యం లేదు. కాని ఇది ఒక ప్రశ్నను వదిలేస్తుంది. క్యూబిజానికి ఆద్యులైన పికాసో, బ్రాక్‌లు వస్తువుతో తెగతెంపులు చేసుకోలేదు. గిటారు, సీసా, వార్తాపత్రిక వారి చిత్రాల్లో ఎంత చెదిరినా ఏదో ఒక ఆనవాలుగా నిలిచే ఉన్నాయి. పారిస్ ఆగిన చోట మాస్కో, పెట్రోగ్రాడ్ నగరాలు ఎందుకు ఆగలేదు?

ఈ ప్రశ్నకు సమాధానం వెదకవలసిన చోట్లలో కవిత్వం ముఖ్యమైనది. తెలుగు పాఠకులకు విప్లవకవిగా పరిచితుడైన మయకోవ్‌స్కీ, అతని తోటి ఫ్యూచరిస్టు కవులు, అమూర్త చిత్రకారులు వేరువేరు వర్గాలవారు కారు. వారు ఒకే వేదికలపై నిలిచారు, ఒకే పుస్తకాలను కలిసి తయారుచేశారు. వస్తువును చెప్పకుండా గీత నిలబడగలదా అని చిత్రకారుడు అడగడానికి ముందే, అర్థాన్ని మోయకుండా మాట నిలబడగలదా అని కవి అడిగాడు. ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నల సంబంధాన్ని కజిమీర్ మాలెవిచ్ ‘నల్ల చతురస్రం’ ఆధారంగా పరిశీలిస్తుంది. అర్థాన్ని నిరాకరించి పుట్టిన ఆ రూపానికి, అది చేరిన ప్రతి స్థలమూ కొత్త అర్థాన్ని అంటగట్టిన తీరును కూడా నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

మాట తనకు తానుగా

1912 డిసెంబరులో మాస్కోలో ‘ప్రజాభిరుచికి చెంపదెబ్బ’ అనే సంకలనం వెలువడింది. దాని ప్రకటనపై దవీద్ బుర్ల్యూక్, అలెక్సీ క్రుచోనిఖ్, వ్లదీమిర్ మయకోవ్‌స్కీ, వెలిమీర్ ఖ్లెబ్నికోవ్ సంతకాలు చేశారు. పుష్కిన్, దొస్తొయేవ్‌స్కీ, తొల్‌స్తోయ్‌లను ఆధునికత అనే ఓడ నుంచి తోసివేయాలన్న పిలుపు వల్ల ఆ ప్రకటన అపఖ్యాతి పొందింది. పూర్వకవులపై దాడి కన్నా దానిలోని భాషా విషయకమైన కోరిక లోతైనది: కవికి కొత్త మాటలు పుట్టించే హక్కు ఉండాలి, మాటకు స్వయంవిలువ ఉండాలి.

1913 ఆరంభంలో క్రుచోనిఖ్ కొన్ని చిన్న కవితలను ప్రకటిస్తూ, వాటిలోని మాటలకు నిశ్చితమైన అర్థం లేదని ముందే సూచించాడు. నిఘంటువులో దొరకని, కరకు హల్లులతో నిండిన ధ్వనులే ఆ కవితల శరీరం. ఈ భాషకు వారు పెట్టిన పేరు ‘జౌమ్’. రష్యన్ భాషలో ‘ఉమ్’ అంటే బుద్ధి, ‘జ’ అంటే ఆవల. కాబట్టి ఇది బుద్ధికి ఆవలి భాష. అదే ఏడాది క్రుచోనిఖ్, ఖ్లెబ్నికోవ్ కలిసి ‘మాట తనకు తానుగా’ అన్న భావాన్ని శీర్షికగా పెట్టి ఒక కరపత్రం వెలువరించారు.

భారతీయ అలంకారశాస్త్రం భామహుని కాలం నుంచి శబ్దార్థాల సహభావాన్నే కావ్యమన్నది. ఆ జంటలో ఒకదాన్ని విడదీసి చూడాలన్నది జౌమ్ కవుల పట్టుదల. విడదీసిన శబ్దం నిరర్థకం కాదని, అలవాటైన అర్థం తొలగితే శబ్దంలోని బరువు, గరుకుదనం, వేగం చదువరికి తొలిసారి తెలుస్తాయని వారు నమ్మారు. ఈ నమ్మకంలో ‘శబ్దం’ అన్న చోట ‘రంగు’ అని, ‘అర్థం’ అన్న చోట ‘వస్తువు’ అని చదివితే, రెండేళ్ల తరువాత మాలెవిచ్ చేసిన ప్రతిపాదన దాదాపు పూర్తిగా కనిపిస్తుంది.

ఇది కేవలం ఊహాత్మకమైన పోలిక కాదు. 1913 చివర ‘యువజన సమాఖ్య’ ప్రదర్శనలో మాలెవిచ్ తన చిత్రాల్లో కొన్నింటిని ‘జౌమ్ వాస్తవికత’ అన్న శీర్షిక కింద ఉంచాడు. కవుల పరిభాషను చిత్రకారుడు నేరుగా స్వీకరించిన సందర్భమిది. వయొలిన్ మీద ఆవును నిలిపిన చిత్రం ఆ దశలోనిదే. తర్కానికి అందని పదాల పొందికను జౌమ్ కవి కూర్చినట్లే, తర్కానికి అందని వస్తువుల పొందికను మాలెవిచ్ కూర్చాడు. అదే కాలపు ఒక పెన్సిలు చిత్రంలో అతడు గుడిసెలు గీయకుండా, ఒక చట్రం గీసి అందులో ‘పల్లె’ అన్న మాట రాశాడు. ఆ మాట చదివినవాడు తన పల్లెను తానే చూసుకుంటాడన్నది దాని వెనకనున్న ఆలోచన. వస్తువును చూపే పనిని మాటకు అప్పగించిన తరువాత గీతకు ఆ బాధ్యత తీరిపోయింది. జ్యామితీయ అమూర్తతకు తలుపు తెరుచుకున్నది ఇక్కడే.

రంగస్థలపు తెర

1913 వేసవిలో స్వరకర్త, చిత్రకారుడు మిఖాయిల్ మత్యూషిన్, క్రుచోనిఖ్, మాలెవిచ్ ఫిన్లాండులోని ఉసికిర్కోలో సమావేశమై, దానికి ‘భవిష్యవాదుల తొలి అఖిల రష్యా మహాసభ’ అని ఘనమైన పేరు పెట్టుకున్నారు. పెద్ద సభ కాకపోయినా దాని ఫలితం పెద్దది. ఆ డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ లూనా పార్క్ రంగశాలలో ‘సూర్యునిపై విజయం’ అనే సంగీతరూపకం రెండుసార్లు ప్రదర్శితమైంది. పూర్వరంగం ఖ్లెబ్నికోవ్‌ది, పాఠం క్రుచోనిఖ్‌ది, సంగీతం మత్యూషిన్‌ది, తెరలు, వేషాలు మాలెవిచ్‌వి. అదే వేదికపై వేరే రాత్రులలో మయకోవ్‌స్కీ తన పేరునే శీర్షికగా పెట్టుకున్న విషాదనాటకాన్ని ప్రదర్శించాడు.

రూపకంలో బలశాలులు సూర్యుణ్ణి బంధిస్తారు. ఇక్కడ సూర్యుడు పాత వెలుగుకు, అంటే వస్తువులను స్పష్టంగా చూపించే బుద్ధికి సంకేతం. సూర్యుడు లేని రెండో అంకంలో కాలం, దిక్కులు, జ్ఞాపకం తమ వరుసను కోల్పోతాయి. కవి బెనెడిక్ట్ లీవ్‌షిట్స్ తన జ్ఞాపకాల్లో ఆ ప్రదర్శన దీపకాంతిని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. చీకట్లో తిరిగే వెలుగుపట్టీలు నటుల శరీరాల్లో కొంత భాగాన్నే పట్టి చూపగా, మనిషి ఆకారం చెదిరి జ్యామితీయ ఖండాలుగా కనిపించిందని ఆయన వర్ణన. రెండో అంకపు ఒక తెర చిత్తుబొమ్మలో చతురస్రాన్ని అడ్డంగా కోసిన కర్ణరేఖకు ఒకవైపు నలుపు, మరొకవైపు తెలుపు ఉన్నాయి.

1915లో ఆ రూపకాన్ని మళ్లీ ప్రచురించాలన్న ఆలోచన వచ్చినప్పుడు, తెర బొమ్మను తప్పక చేర్చాలని మాలెవిచ్ మత్యూషిన్‌కు లేఖ రాశాడు. అప్పటికి అతనికి ఆ బొమ్మ ప్రాముఖ్యం స్పష్టమైంది. తరువాతి కాలంలో ‘నల్ల చతురస్రా’నికి 1913 అన్న తేదీనే అతడు చెప్పుకుంటూ వచ్చాడు. చిత్రం వేసింది 1915లోనే కనుక చరిత్రకారులు ఆ తేదీని అంగీకరించరు. అయినా ఆ పట్టుదలను గొప్పలకు పోవడంగా మాత్రమే తీసుకోరాదు. చతురస్రం జన్మస్థానం చిత్రశాల కాదు, జౌమ్ భాష వినిపించిన రంగస్థలమన్న ఒప్పుకోలు అందులో ఉంది.

ప్రతిమ స్థానంలో చతురస్రం

1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో దొబీచినా కళాకేంద్రంలో ‘చివరి ఫ్యూచరిస్టు చిత్రప్రదర్శన 0.10’ ప్రారంభమైంది. ఇవాన్ పూనీ, క్సేనియా బొగుస్లావ్‌స్కయా దాని నిర్వాహకులు. మాలెవిచ్ చిత్రాలు 39. తన మార్గానికి అతడు పెట్టిన పేరు సుప్రిమాటిజం. శుద్ధమైన చిత్రానుభూతికి పరమాధిక్యం అని దాని భావం. పట్టికలో ‘చతుర్భుజం’గా నమోదైన నల్ల చతురస్రం 79.5 సెంటీమీటర్ల కాన్వాసు. దాన్ని అతడు మిగిలిన చిత్రాల వరుసలో కాక, గది మూలలో, కప్పుకు దగ్గరగా వేలాడదీశాడు.

ఆ స్థానం యాదృచ్ఛికం కాదు. సనాతన క్రైస్తవులైన రష్యన్ల ఇళ్లలో ఆ పైమూలలోనే దేవతాప్రతిమను ఉంచుతారు. ప్రతిమ చోటును ఆక్రమించిన క్షణంలోనే, ఏ వస్తువునూ చెప్పనన్న రూపం ఒక ధిక్కారాన్ని చెప్పింది, ఒక ఆరాధననూ కోరింది. విమర్శకుడు, చిత్రకారుడు అలెగ్జాండర్ బెన్వా దీన్ని సరిగానే గ్రహించాడు. మడోన్నా స్థానంలో ఈ చతురస్రాన్ని ప్రతిష్ఠిస్తున్నారన్నదే ఆయన తీవ్ర నిరసనకు కారణం. మిత్రులకన్నా శత్రువే ఆ చిత్రంలోని అర్థాన్ని ముందు చదివాడనడం అతిశయోక్తి కాదు.

చిత్రాన్ని దగ్గరగా చూస్తే దాని జ్యామితి కూడా గణితశాస్త్రపు జ్యామితి కాదని తెలుస్తుంది. భుజాలు కొలబద్ద పెట్టి గీసినవి కావు. కోణాలు కచ్చితమైన లంబకోణాలు కావు. నలుపులో కుంచె కదలికలు కనిపిస్తాయి. పైపూత పగిలిన చోట్ల కింది రంగులు బయటపడుతున్నాయి. త్రెత్యకోవ్ చిత్రశాల 2015లో వెల్లడించిన పరిశోధన ప్రకారం ఆ నలుపు కింద రెండు రంగుల కూర్పులున్నాయి. ఒకటి క్యూబిజం, ఫ్యూచరిజాల కలయికకు చెందినది, రెండోది సుప్రిమాటిజానికి చేరువైనది. అంటే మాలెవిచ్ దారిలోని దశలన్నీ ఒకే కాన్వాసులో పొరలుగా నిక్షిప్తమై ఉన్నాయి. శూన్యంగా కనిపించే చిత్రం నిజానికి మూడు చిత్రాలు.

అదే ప్రదర్శనలో వ్లదీమిర్ తాత్లిన్ లోహం, కర్ర, తాళ్లతో చేసిన మూల శిల్పాలున్నాయి. గది మూలను ఇద్దరూ వాడుకున్నారు. మాలెవిచ్‌కు అది ప్రతిమ పీఠం; తాత్లిన్‌కు అది రెండు గోడల మధ్య బిగువును మోయగల నిర్మాణస్థలం. అమూర్తత చీలిపోబోయే రెండు దారులు ఆ మూలల్లోనే కనిపించాయి.

పుస్తకం పుటల్లో

కవి, చిత్రకారుల సహవాసం బాగా దృఢంగా కనిపించేది పుస్తక నిర్మాణంలో. ఈ సందర్భంలో ఓల్గా రోజనోవా (1886–1918) పేరు ముందు చెప్పాలి. క్రుచోనిఖ్ పుస్తకాలకు ఆమె బొమ్మలు వేసింది, తానూ జౌమ్ కవితలు రాసింది. 1915లో వచ్చిన ‘జౌమ్నయా గ్నీగా’ శీర్షికలో ‘పుస్తకం’ అన్న రష్యన్ మాట ‘క్నీగా’ను ఉద్దేశపూర్వకంగా ‘గ్నీగా’గా మార్చారు. దాని అట్టమీద ఎర్ర కాగితపు హృదయం, దానిపై నిజమైన చొక్కా గుండీ అతికించి ఉంటాయి. ఆ పుస్తకంలో క్రుచోనిఖ్‌తో పాటు ‘అల్యాగ్రోవ్’ అనే కలంపేరుతో రాసిన యువకుడు రోమన్ యాకబ్సన్. భాషాశాస్త్ర, కావ్యశాస్త్ర విద్యార్థులకు సుపరిచితుడైన యాకబ్సన్ జౌమ్ కవిగా, మాలెవిచ్‌ను ఎరిగినవాడుగా ఆలోచన మొదలుపెట్టాడన్నది గుర్తుంచుకోదగిన విషయం. విక్తర్ ష్క్లోవ్‌స్కీ 1914లో ‘మాట పునరుత్థానం’ రాసిందీ ఈ వాతావరణంలోనే. రష్యన్ రూపవాదం తరగతి గదిలో కాక, అర్థం లేని కవితల ముందూ, వస్తువు లేని చిత్రాల ముందూ రూపుదిద్దుకుంది.

ఖ్లెబ్నికోవ్ మార్గం క్రుచోనిఖ్ మార్గానికి భిన్నం. క్రుచోనిఖ్ అర్థాన్ని తొలగించాలనుకుంటే, గణితం చదివిన ఖ్లెబ్నికోవ్ శబ్దంలో మరింత ప్రాథమికమైన అర్థాన్ని వెదికాడు. 1919లో ప్రపంచ చిత్రకారులను ఉద్దేశించి రాసిన వ్యాసంలో అతడు ఒక్కొక్క హల్లుకు ఒక్కొక్క జ్యామితీయ చలనాన్ని నిర్ణయించాడు. ‘వ’ ధ్వని ఒక బిందువు మరొక బిందువు చుట్టూ తిరగడాన్ని సూచిస్తుందని అతని సిద్ధాంతం. అన్ని జాతులవారూ చదవగల లిపికి ఆ చలనాల గుర్తులను చిత్రకారులు అందించాలని కోరాడు. చిత్రకారుడు జ్యామితిలో శబ్దాన్ని వెదకగా, కవి శబ్దంలో జ్యామితిని చూశాడు. అతని ‘జంగేజీ’ని తాత్లిన్ 1923లో, కవి మరణించిన మరుసటి ఏడాది, పెట్రోగ్రాడ్‌లో రంగస్థలానికి ఎక్కించాడు.

విప్లవం తరువాత: సంకేతం, సాధనం

1917 విప్లవం ఈ చిత్రకారులకు పాఠశాలలను, కూడళ్లను, గోడలను అప్పగించింది. వితెబ్స్క్ పట్టణంలో మార్క్ షగాల్ స్థాపించిన ప్రజా చిత్రకళాశాలకు ఎల్ లిసిత్స్కీ ప్రోద్బలంతో మాలెవిచ్ 1919 చివర వచ్చాడు. 1920లో ‘ఉనోవిస్’ అనే బృందం ఏర్పడింది. దాని సభ్యులు దుస్తుల చేతిపట్టీపై నల్ల చతురస్రాన్ని కుట్టుకున్నారు. సుప్రిమాటిస్టు ఆకారాలు పట్టణపు గోడలకు, ఉత్సవ అలంకరణలకు ఎక్కాయి. షగాల్ ఆ ఏడాదే పట్టణం విడిచిపోయాడు. ఐదేళ్ల కిందట ప్రతిమగా వేలాడిన రూపం ఇప్పుడు పార్టీ చిహ్నం వంటి గుర్తు అయింది.

లిసిత్స్కీ దానికి కథను కూడా ఇచ్చాడు. ‘ఎర్ర శూలంతో తెల్లవాళ్లను కొట్టండి’ అన్న అతని గోడపత్రికలో ఎర్ర త్రిభుజం తెల్ల వృత్తాన్ని చీల్చుకొని పోతుంది. అంతర్యుద్ధంలోని రెండు పక్షాలను అక్షరం చదవలేనివాడు కూడా గుర్తించగలడు. పిల్లల కోసం చేసి 1922లో బెర్లిన్‌లో అచ్చువేయించిన పుస్తకంలో రెండు చతురస్రాలే కథాపాత్రలు. 1923లో వెలువడిన మయకోవ్‌స్కీ కవితల పుస్తకం ‘గొంతు కోసం’లో 13 కవితలున్నాయి. టెలిఫోను చిరునామాల పుస్తకంలోలా, పుటల అంచును మెట్లుగా కోసి ఒక్కో మెట్టుపై ఒక్కో కవిత గుర్తు వేశారు. సభలో చదివేవాడు కావలసిన కవితను వేలితో వెంటనే తెరవగలడు. వస్తువును విడిచిపెట్టిన జ్యామితి మళ్లీ కవిత్వాన్ని చేరింది. అయితే ఈసారి శబ్దాన్ని విముక్తం చేయడానికి కాక, దాన్ని జనానికి చేర్చే సాధనంగా చేరింది.

మాస్కోలో ఈ సాధన దృష్టి సిద్ధాంతమైంది. 1918లో మాలెవిచ్ తెలుపుపై తెల్ల చతురస్రం వేసి చిత్రాన్ని కనుమరుగయ్యే అంచుకు తెచ్చాడు. 1919 ప్రదర్శనలో అలెగ్జాండర్ రోద్చెంకో దానికి నలుపుపై నలుపుతో బదులిచ్చాడు. 1921 సెప్టెంబరులో ఐదుగురు చిత్రకారుల ‘5×5=25’ ప్రదర్శనలో అతడు ఎరుపు, పసుపు, నీలం పూసిన మూడు ఏకవర్ణ ఫలకాలను ఉంచి చిత్రలేఖనం ముగిసిందని భావించాడు. అందులో పాల్గొన్న ల్యుబోవ్ పొపోవా, వార్వారా స్తెపానోవా ఆ తరువాత మాస్కోలో వస్త్రాల అద్దకపు కర్మాగారానికి నమూనాలు గీశారు. మాలెవిచ్ ఈ కన్‌స్ట్రక్టివిస్టు మార్గాన్ని అంగీకరించలేదు; కళను ప్రయోజనానికి కట్టివేయడం కొత్త దాస్యమని భావించాడు. కాని పొపోవా నమూనా గుడ్డ ఒంటిమీదికి చేరినప్పుడు, చతురస్రం, వృత్తం ప్రదర్శనశాలలో ఎన్నడూ దొరకని జనాన్ని చేరుకున్నాయి. ఈ వివాదంలో ఒక పక్షాన్నే న్యాయమనడం కష్టం. ఒకరు రూపపు స్వేచ్ఛను కాపాడారు. మరొకరు దాని వ్యాప్తిని సాధించారు.

అర్థం తప్పనిసరి అయినప్పుడు

రెండు దారులూ చివరకు ఒకే గోడకు తగిలాయి. మాలెవిచ్ నడిపిన లెనిన్‌గ్రాడ్ కళాసంస్కృతి సంస్థ 1926లో మూతపడింది. 1927లో అతడు వార్సా, బెర్లిన్ వెళ్లి ప్రదర్శనలు జరిపాడు. తిరిగి వస్తూ చిత్రాలను బెర్లిన్‌లోనే ఉంచాడు. 1930లో మయకోవ్‌స్కీ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ ఏడాదే మాలెవిచ్‌ను నిర్బంధించి ప్రశ్నించారు. 1932 ఏప్రిల్ 23న పార్టీ కేంద్రసంఘం స్వతంత్ర సాహిత్య, కళా సంఘాలను రద్దు చేసింది. 1934లో రచయితల మహాసభ సోషలిస్టు వాస్తవికతను నిర్దేశించింది. ‘రూపవాదం’ అన్న పరిశోధన పదం నేరారోపణగా మారింది. కవిత్వంలో మాటకు, చిత్రంలో రంగుకు ఒకే కాలంలో లభించిన స్వేచ్ఛను ఒకే ఉత్తర్వు ఒకే కాలంలో తీసివేయడం, ఆ రెండు స్వేచ్ఛల మూలం ఒకటేనన్న విషయాన్ని మరోవిధంగా ధ్రువపరుస్తుంది.

చివరి ఏళ్లలో మాలెవిచ్ మనిషి ఆకారానికి తిరిగి వచ్చాడు. ముఖాల్లేని రైతులను, ఆ తరువాత రినైజాన్సు ఛాయలున్న చిత్తరువులను వేశాడు. 1933లో వేసుకున్న స్వీయచిత్తరువులో మూలన సంతకానికి బదులు చిన్న నల్ల చతురస్రం ఉంది. 1935 మే నెలలో అతడు మరణించినప్పుడు పార్థివదేహం వద్ద ఆ చిత్రాన్ని వేలాడదీశారు. నెమ్చీనొవ్కాలో సమాధిపై శిష్యుడు నికొలాయ్ సుయెతిన్ నల్ల చతురస్రమున్న గుర్తును నిలిపాడు. యుద్ధకాలంలో ఆ సమాధి ఆనవాలు చెరిగిపోయింది. 1915 నాటి చిత్రం మాత్రం దశాబ్దాలపాటు చిత్రశాల గిడ్డంగిలో మిగిలింది.

ఉపసంహారం

నల్ల చతురస్రం ప్రయాణాన్ని స్థలాల వరుసగా చూస్తే, అది రంగస్థలపు తెర నుంచి ప్రతిమ మూలకు, అక్కడి నుంచి చేతిపట్టీకి, ఆపై సంతకానికి, చివరకు సమాధికి చేరింది. ప్రతి చోటా రూపం దాదాపు అదే, అర్థం వేరు. ఏ అర్థమూ వద్దనుకున్న రూపం ఇన్ని అర్థాలను మోయవలసి రావడం ప్రయోగం వైఫల్యం కాదు. జౌమ్ కవుల శబ్దం విషయంలోనూ ఇదే జరిగింది. నిఘంటువు అర్థం తొలగించిన మాటను పాఠకుడు నిశ్శబ్దంగా వదిలిపెట్టడు. ఆ ధ్వని నుంచే ఏదో ఒకటి ఊహిస్తాడు. కవి, చిత్రకారుడు నిజంగా తొలగించగలిగింది అర్థాన్ని కాదు, అర్థంపై ముందే ఉన్న నిర్ణయాన్ని.

ఈ భేదమే రష్యన్ అమూర్త కళ చరిత్రకు కీలకం. అర్థం నిర్ణయమయ్యే హక్కు చూసేవానికీ, చదివేవానికీ మిగిలి ఉన్నంతకాలం చతురస్రం, జౌమ్ కవిత రెండూ జీవించాయి. ఆ నిర్ణయాన్ని ఒక అధికార కేంద్రం తన చేతిలోకి తీసుకున్న నాడు రెండింటికీ చోటు లేకపోయింది. ఏమీ చెప్పని ఒక నల్లని రూపాన్ని చూసి ఒక ప్రభుత్వం కలవరపడడానికి కారణం దానిలో దాగిన రహస్యమేదో కాదు. దాన్ని చూసేవాడు ఏమి అనుకుంటాడో ముందే చెప్పలేకపోవడం. రూపం, సారం మధ్య సంబంధాన్ని చర్చించే సాహిత్య విమర్శకు రష్యన్ కవి చిత్రకారుల సహవాసం నేటికీ విలువైన ఆధారంగా నిలుస్తున్నది ఇందుకే.